మైల్డ్ సీపేజ్ నోటీస్డ్: టీకా తాత్పర్య సహితం

మూలం

కస్టమర్ కన్సర్న్: ఇంజన్ ఆయిల్ లీకేజ్. అబ్జర్వేషన్: ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ ఏరియాలో మైల్డ్ సీపేజ్ నోటీస్డ్. యాక్షన్: హౌసింగ్ అసెంబ్లీ రీప్లేస్‌మెంట్ అడ్వైజ్డ్. కస్టమర్ ఇన్‌ఫార్మ్‌డ్.

అవతారిక

ఈ గద్యానికి లోకంలో ఉన్నది ఒకే ప్రతి. వరంగల్‌లో ఒకానొక సర్వీస్ సెంటర్ ప్రింటరు దాన్ని జాబ్‌కార్డు రూపంలో కన్నది. పైన బార్‌కోడు, అడుగున సంతకానికి చుక్కల గీత. కవి పేరు లేదు గాని రచనాకాలం నిమిషాలతో సహా అచ్చయింది. నన్నెచోడుడి కాలం తేల్చలేక తరాలుగా కొట్టుకుంటున్న పండితులు ఈ ఒక్క విషయంలో దీన్ని చూసి అసూయపడవచ్చు. భాషంటారా, ఇంగ్లీషు కాదు, తెలుగు కాదు. దొరలు పోతూ పోతూ గుమాస్తాలకు వదిలిపోయిన భాష.

నాలుగు ముక్కల గద్యానికి వ్యాఖ్య దేనికయ్యా అంటే, దీన్ని కౌంటరు మీద మా ముందుకు జరిపి "ఇక్కడ సైన్ చేయండి సార్" అన్నారు. చదివి చేస్తామన్నాం. "చదవడానికేం లేదు సార్, స్టాండర్డే" అన్నారు. చదవనక్కర లేదని ప్రచురణకర్తే పూచీ పడే గ్రంథాన్ని వదిలిపెట్టకూడదు. పైగా దీనికి అనుబంధంగా ఎస్టిమేటు అనే ఇంకో కాగితం ఉంది. అందులో అడుగున ఉన్న అంకె చూడగానే మాకు వైరాగ్యం కలిగింది. శాస్త్రం చదవడానికి వైరాగ్యం కలవాడే అధికారి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇతివృత్తం స్వల్పం. పదేళ్ళు దాటిన డీజిల్ కారు, హన్మకొండలో అపార్టుమెంటు పార్కింగు, తెల్లవారేసరికి టైల్సు మీద నల్లటి చుక్క, వాచ్‌మన్ ఫిర్యాదు.

ప్రతిపదార్థం

మన టీకాకారులది ఒక సదాచారం. 'చంద్రుడు' అన్న మాట వస్తే అరపేజీ పర్యాయపదాలు ఇస్తారు. పాఠకుడు నిజంగా మునిగిపోయే సమాసం రాగానే 'స్పష్టము' అని వ్రాసి గట్టెక్కుతారు. మేమూ ఆ సంప్రదాయంలో పెరిగినవాళ్ళమే. ఆయిల్, లీకేజ్, యాక్షన్: స్పష్టము.

నోటీస్డ్: చూడబడినది. చూసినవాడెవడు? తెలుగు కర్మణి ప్రయోగానికి తొందరగా లొంగే భాష కాదు. 'అన్నం తినబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు, అన్నారంటే ఎవరో ఎవరినో దాస్తున్నారన్నమాట. కర్తృపదం లేనిచోట అధ్యాహారం చేసుకోవాలి గనుక ప్రయత్నించాం. సర్వీస్ అడ్వైజరు కాజాలడు. ఆయన చొక్కా తెలుపు, పొద్దుటి నుంచీ తెలుపే. బండ్లు కడిగే కుర్రవాడూ కాజాలడు, అతణ్ణి ఎవరూ ఏదీ అడగరు. ఇక మిగిలింది ర్యాంపు దగ్గరి టెక్నీషియన్. అతనితో ఒక మాట మాట్లాడదామంటే మధ్యన గాజు గోడ, దాని మీద కస్టమర్లకు ప్రవేశం లేదని బోర్డు. చూసినవాడు చెప్పడు, చెప్పినవాడు చూడలేదు.

ఈ స్థితికి మీమాంసకులు ఏనాడో పేరు పెట్టారు, అపౌరుషేయమని. వేదానికి కర్త లేడు. దోషాలన్నీ కర్త బుద్ధిలోంచి పుట్టేవి. కర్తే లేనప్పుడు దోషం ఎక్కణ్ణుంచి వస్తుంది? కనుక వేదం స్వతఃప్రమాణం. జాబ్‌కార్డూ అంతే. రేపు తప్పని తేలితే పట్టుకోవడానికి మనిషి లేడు గనుక అందులో తప్పు లేదు. కుమారిలభట్టు బౌద్ధులతో తలపడి నిలబెట్టిన సిద్ధాంతాన్ని సర్వీస్ సెంటర్ సాఫ్ట్‌వేరు ఒక్క డ్రాప్‌డౌన్‌తో నిలబెట్టింది.

ఏరియాలో: ఇక్కడ అధికరణార్థం. అధికరణాన్ని వైయాకరణులు మూడు విధాలు చేశారు: ఔపశ్లేషికం, వైషయికం, అభివ్యాపకం. చాప మీద కూర్చున్నాడంటే మొదటిది, తాకుడు మాత్రమే. మోక్షం మీద కోరిక అంటే రెండోది. నువ్వుల్లో నూనె ఉందంటే మూడోది. నూనె నువ్వులో ఫలానా చోట ఉండదు, అంతటా నిండి ఉంటుంది. ఇక్కడా ప్రస్తావన నూనెదే కాబట్టి మేము అభివ్యాపకమనే తీసుకున్నాం. ఇంజనంతటా నూనె ఉన్నది, ఎక్కడని అడగకు అని భావం.

మైల్డ్ సీపేజ్: ఈ గద్యానికి ప్రాణం ఇక్కడుంది. అలంకారం అపహ్నుతి. ఉన్నదాన్ని లేదని, దాని చోట మరొకటి నిలబెట్టడం అపహ్నుతి. ముఖాన్ని చూపించి ఇది ముఖం కాదు, చంద్రుడు అనడం. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో దీన్ని ఆరు రకాలుగా విభజించి చూపించాడు. పాఠశాలలో ఆ ఆరింటికీ లక్ష్యాలు వెతుక్కోవడానికి మేము పడ్డ యాతన తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, మా అడ్వైజరు కౌంటరు దగ్గర నిలబడే అన్నీ ప్రసాదించాడు.

"ఇది లీకేజీ కాదు సార్, సీపేజీ." శుద్ధాపహ్నుతి.

"లీకేజీ అయితే ధార కడుతుంది సార్. ఇది తడే కదా, కాబట్టి సీపేజీ." హేతువు తోడైంది గనుక హేత్వపహ్నుతి.

"లీకేజీ అంటే ఇది కాదు సార్. మొన్న నర్సంపేట నుంచి ఒక బండి వచ్చింది, అదీ లీకేజీ అంటే." ఒకదాని ధర్మాన్ని లాగి ఇంకొకదానికి తగిలించాడు. పర్యస్తాపహ్నుతికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ మేము ఏ గ్రంథంలోనూ చూడలేదు.

"ఏసీ నీళ్ళు చూసి ఆయిలనుకున్నారేమో సార్." ఎదుటివాడి భ్రాంతిని తొలగించే నెపంతో చేసేది భ్రాంతాపహ్నుతి. ఏసీ నీళ్ళు నల్లగా, జిగురుగా, డీజిల్ పొగ వాసనతో ఉండవన్న విషయం అలంకారశాస్త్రంలో చర్చకు రాదు.

ఇంతలో మేనేజరు అటుగా వచ్చి "ఏంటి, లీకేజా?" అని అడిగితే "లేదు సార్, వాషింగ్ ప్యాకేజా అని అడుగుతున్నారు" అన్నాడు. నోరు జారిన రహస్యాన్ని మాట తిప్పి కప్పడం ఛేకాపహ్నుతి. ఆరోదైన కైతవాపహ్నుతి, అంటే ఒకదాని మిషతో మరొకటి జరిపించడం, ఎస్టిమేటు కాగితంలో ఉంది.

న్యాయం చెప్పాలి. సీపేజీకి, లీకేజీకి షెడ్డుల్లో నిజంగానే తేడా ఉంది. లోహం మీద పల్చటి తడి పొర ఏర్పడి దుమ్ము అంటుకుంటే అది చెమట. దాన్ని తుడిచి, డిప్‌స్టిక్‌లో మట్టం చూసుకుంటూ నడుపుకోవచ్చు. చుక్క కట్టి నేల మీద పడితే అది కారడం. మా టైల్సు మీద పడింది చుక్క. చుక్క అంటే వట్టి వాచ్‌మన్ సమస్య కూడా కాదు. ఆ నూనె ఆల్టర్నేటరు మీదా బెల్టు మీదా పడుతుంది. కూలెంటు గొట్టాల రబ్బరు చాలామటుకు నూనెకు తట్టుకునేది కాదు, ఉబ్బి మెత్తబడుతుంది. సైలెన్సరు పైపు మీద పడితే కమురు వాసన, పొగ. మట్టం బాగా తగ్గి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగిందంటే బండి అక్కడికక్కడే ఆపాలి. మైల్డ్ అన్న విశేషణం మా ఇంజనుకు ఎవరూ చెప్పలేదు.

విశేషాంశం

ఓరుగల్లులో ఉండి అలంకారాల మాట ఎత్తి విద్యానాథుణ్ణి తలవకపోతే పాపం చుట్టుకుంటుంది. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో కూర్చుని ఆయన వ్రాసిన ప్రతాపరుద్రీయం దక్షిణాదిన అలంకారశాస్త్రానికి పాఠ్యపుస్తకమైంది. నాయకుడు, కావ్యం, నాటకం, రసం, దోషం, గుణం, అలంకారాలు అన్నీ వరసగా చెప్పాడు. ఆ పుస్తకం గొప్పతనమూ, దానితో వచ్చిన తంటా కూడా ఒకటే: లక్షణం ఏదైనా లక్ష్యం మాత్రం ప్రతాపరుద్రుడే. ఉపమ చెప్పాలన్నా రాజే, ఉత్ప్రేక్ష చెప్పాలన్నా రాజే. నాటకలక్షణాలకు ఉదాహరణ కావాలంటే ఇతరుల నాటకంలోంచి తీసుకోకుండా ప్రతాపరుద్రకల్యాణమని ఐదంకాల నాటకం తానే వ్రాసి పుస్తకం మధ్యలో పెట్టాడు. చదువుతూ ఉంటే శాస్త్రం నేర్చుకుంటున్నామా, ఊరేగింపులో నడుస్తున్నామా తెలియదు. 1323లో ఢిల్లీ సేన కోట పట్టింది, రాజును తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. మన ఊరి కోటలో ఇప్పుడు తోరణాలు మిగిలాయి, పుస్తకంలో మాత్రం ఆయన ఇంకా దిగ్విజయం చేస్తూనే ఉన్నాడు.

ఆ పుస్తకానికి వ్యాఖ్య వ్రాసినవాడు కుమారస్వామి సోమపీథి. వ్యాఖ్య పేరు రత్నాపణం, రత్నాల అంగడి అని. ఈయన ఎవరి కొడుకనుకున్నారు? మల్లినాథసూరి కొడుకు. మెదక్ జిల్లా కొల్చారం వాళ్ళు, ఇంటిపేరు కోలాచలం. కాళిదాసును చదివిన ప్రతివాడూ, వాడు కాశీవాడు గానీ కేరళవాడు గానీ, మన మెదక్ ఆయన వేలు పట్టుకునే చదివాడు. రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘసందేశానికి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, తనది దాన్ని బతికించే మందనీ సంజీవని మొదట్లోనే చెప్పుకున్నాడు. ఘంటాపథమంటే ఏనుగులు గంటలతో నడిచే రాచబాట. భారవి అడవిలో తోవ తప్పేవాళ్ళకు బాట వేశాడు.

మాకు ఆయనలో నచ్చేది పేర్లు కాదు, పద్ధతి. ముందు అన్వయం. తర్వాత మాట, దాని అర్థం. ఆ అర్థానికి సాక్ష్యం ఏ నిఘంటువులో ఉందో పేరు పెట్టి చెబుతాడు: అమరమా, విశ్వమా, హలాయుధమా. వ్యాకరణం పనిబడితే సూత్రం చూపిస్తాడు, పని లేకపోతే పాణినిని నిద్ర లేపడు. ఆధారం లేని మాట వ్రాయననీ, అక్కర లేని మాట చెప్పననీ మొదటే పూనిక పట్టాడు. ఆరు వందల ఏళ్ళనాడు ఆ పూనిక పట్టినవాడు ఎవడికీ బిల్లు వెయ్యలేదు.

తండ్రి అలాంటివాడైతే కొడుక్కి దొరికిన పని చూడండి. పేజీ పేజీకీ రాజస్తోత్రం ఉన్న పుస్తకం, ఆ రాజేమో ఎప్పుడో పోయాడు. అయినా కుమారస్వామి ఎక్కడా విసుక్కోలేదు. లక్షణం ఏ ఆలంకారికుడి నుంచి వచ్చింది, ఎవరితో ఎక్కడ తేడా, అన్నీ తూచి చెప్పాడు. స్తుతిని స్తుతిగా వదిలి శాస్త్రాన్ని శాస్త్రంగా పట్టుకోవడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఇంకా తరవాతి కాలంలో మన తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకు సంజీవని అనీ, శృంగారనైషధానికి సర్వంకష అనీ ఆ పేర్లే పెట్టి వ్యాఖ్యలు వ్రాశారంటే ఆ ఇంటి వాసన ఎంత దూరం...

కారు ఇంకా ర్యాంపు మీదే ఉంది.

హౌసింగ్

ఇక్కడ 'స్పష్టము' అని వ్రాయాలని చెయ్యి లాగుతోంది గాని కోలాచలం వారిని తలచిన నోటితో ఆ పని చేయలేం. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ అంటే ఇంజను బ్లాకుకు బోల్టులతో బిగించిన అల్యూమినియం గది. పంపు తోసిన నూనె ఇందులోకి వచ్చి, కాగితపు ఫిల్టరులోంచి వడకట్టుకుని బేరింగులకు పోతుంది. చాలా డీజిళ్ళలో ఆయిల్ కూలరు కూడా దీనికే అంటుకుని ఉంటుంది. అంటే ఒక పక్క వేడి నూనె, ఒక పక్క కూలెంటు నీళ్ళు. నూనె ఒత్తిడి బండి నడిచేటప్పుడు మూడు, నాలుగు బార్లు, ఇంచుమించు టైరులో గాలికి రెట్టింపు. ఆ ఒత్తిడిని నిలబెట్టేవి లోహాలు కావు, లోహాల మధ్యనున్న రబ్బర్లు.

కారడానికి చోట్లు ఇన్నే: ఫిల్టరు మూత చుట్టూ ఉండే ఓ-రింగు, హౌసింగుకూ బ్లాకుకూ మధ్య ప్యాకింగు, కూలరు సీళ్ళు, పక్కన గుచ్చి ఉన్న ప్రెషర్ స్విచ్. వీటిలో ఏది అని చెప్పడమే విద్య. తార్కికుడికి కొండ మీద పొగ కనబడితే నిప్పు ఆ కొండ మీదే ఉంటుంది. నూనెకు ఆ మర్యాద లేదు. పైన పుట్టి, కిందికి జారి, కారు పరుగులో గాలికి వెనక్కి పాకి, గేర్‌బాక్సు అంచున ఎక్కడో చుక్క కడుతుంది. హేతువు ఒక చోట, సాధ్యం ఒక చోట. అందుకే నూనె విషయంలో చుక్క చూసి అనుమానం చెయ్యరాదు. ముందు కడగాలి.

ఈ మాట మాకు చెప్పింది, బండిని ర్యాంపు దింపించి తీసుకెళ్ళాక, ఆటోనగర్‌లో ఒక షెడ్డు భాయ్. జాబ్‌కార్డు ఆయన ముందు పెడితే చదవలేదు, దాని మీద పానాలు పెట్టుకున్నాడు. "ముందుగాల కడుగుదాం సార్. కడగకుంట చూస్తే ఇంజనంత కారినట్టే ఉంటది" అన్నాడు. బ్రష్షుతో, డీజిలుతో కడిగి, గాలి కొట్టి, బనీను గుడ్డతో తుడిచి, "ఖాజీపేట దాకా పోయి రాండ్రి" అని పంపాడు. తిరిగొచ్చాక టార్చీ, చిన్న అద్దం. ప్యాకింగు పొడి. స్విచ్ పొడి. కూలరు పొడి. ఫిల్టరు మూత అంచున మాత్రం వెంట్రుకంత సన్నగా మెరుస్తూ ఒక గీత. 'నోటీస్డ్' అన్న క్రియకు ఎట్టకేలకు కర్త దొరికాడు.

మూత విప్పి రింగు తీసి మా అరచేతిలో పెట్టాడు. ఓ-రింగు అడ్డకోత గుండ్రంగా ఉండాలి. ఇది పలకలు తేలి ఉంది. గాడిలో ఏళ్ళ తరబడి నలిగి, వేడికి గట్టిపడి, గాడి ఆకారమే తన ఆకారమైపోయింది. వంచితే పైన సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి. గోరుతో నొక్కితే పడ్డ నొక్కు లేవలేదు. "రబ్బర్ సచ్చిపోయింది సార్" అన్నాడు భాయ్. ఇంజనీర్లు దీన్నే కంప్రెషన్ సెట్ అంటారు. నొక్కితే తిరిగి లేవడమే ఓ-రింగు చేసే పనంతా. లేవనినాడు అది ఉన్నా లేనట్టే.

ఈ నల్లటి గాజును చిన్నచూపు చూడకూడదు. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సన్ అనే ముదుసలి 1930లలో దీనికి పేటెంటు తీసుకున్నాడు. బ్రేకుల మీద పనిచేస్తూ గాడిలో రబ్బరు చుట్ట పెడితే ద్రవం ఆగుతుందని కనిపెట్టాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్షనౌక ఏడుగురితో కూలిపోయింది ఇలాంటి రింగు వల్లనే. ఆ పొద్దున చలికి రబ్బరు బిగుసుకుని వెంటనే లేవలేకపోయింది. విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి, తీసి, బిగింపు వదిలి అందరికీ చూపించాడు. ఆయన చేసిన ప్రయోగమూ, మా భాయ్ గోటితో చేసిన ప్రయోగమూ ఒకటే. తేడా అల్లా అక్కడ చలి, ఇక్కడ వేడి. ఇంకో సంగతి, రింగుల గురించి అక్కడి ఇంజనీర్లు ముందు రోజు రాత్రే మొత్తుకున్నారు, పైవాళ్ళు వినలేదు. అక్కడా కాగితాల మీద భాష మైల్డుగానే ఉండి ఉంటుంది.

"ఫిల్టర్ డబ్బాల కొత్త రింగ్ ఉంటది గద సార్. మీకు ఫిల్టర్ మార్చిండ్రా?"

మార్చారు. ప్రతి సర్వీసు బిల్లులోనూ ఫిల్టరు ఉంది. ఈ రకం కాగితపు ఫిల్టరు కొంటే దానితో పాటే డబ్బాలో కొత్త ఓ-రింగు వస్తుంది, ఫిల్టరు మార్చినప్పుడల్లా అదీ మార్చాలని. డబ్బు మేము కట్టాం, రింగు మాకు రాలేదు. పాతదాన్ని గాడిలోంచి గోకి తీసి కొత్తది ఎక్కించడానికి పట్టేది నిమిషం. ఆ నిమిషం ఎవడికీ లేకపోయింది. ఇందులో అలంకారం ఏదీ లేదు.

పూర్వపక్షం

కొందరు కొత్త రింగు ఎందుకు, కాస్త అనబాండ్ పేస్టు పూస్తే చాలదా అంటారు. చాలదు. మూత బిగించగానే పేస్టు రెండు వైపులకూ పొంగుతుంది. బయటికి పొంగింది మనకు కనిపిస్తుంది, తుడుస్తాం. లోపలికి పొంగింది ఎండి, తునిగి, నూనెతో పాటు ప్రయాణం కడుతుంది. అది నూనె దారుల్లో అడ్డం పడ్డా, చాంబర్‌లో పంపు జాలికి చుట్టుకున్నా బేరింగులకు నూనె అందదు. రెండు రూపాయల వంతు కక్కుర్తికి ఇంజను పోతుంది.

మరికొందరు గట్టిగా బిగిస్తే ఆగుతుందంటారు. ఇదీ అసాధువు. మా మూత ప్లాస్టిక్కు. దాని నెత్తి మీదే 25 ఎన్ఎం అని అచ్చు పోసి ఉంది. భాయ్ కొత్త రింగుకు వేలితో కొంచెం నూనె రాసి, గాడిలో మెలిక పడకుండా కూర్చోబెట్టి, మూతను చేత్తో తిప్పి, చివర టార్క్ పానా పెట్టి టక్కుమనగానే ఆపాడు. "ప్లాస్టిక్ సార్. మనం బలం చూపెడితే అది పగిలి చూపెడ్తది." మర ఫిల్టర్లకయితే పాత రబ్బరు హౌసింగుకే అతుక్కుపోయి, దాని మీద కొత్తది ఎక్కి రెండు రబ్బర్లవుతాయనీ, అప్పుడు బండి రోడ్డెక్కాక నూనెంతా ఒకేసారి కక్కేస్తుందనీ ఇంకో కథ చెప్పాడు. గ్రంథవిస్తర భీతిచే విడుస్తున్నాం.

అసెంబ్లీ

ఈ పదానికి వాచ్యార్థం తీసుకోకూడదని మొదట అనుకున్నాం. లక్షణ అని ఒకటుంది. గంగలో పల్లె అంటే ప్రవాహంలో ఇళ్ళు కట్టారని కాదు, ఒడ్డున అని. ఊరు కాలిపోయిందంటే వాడకట్టు కాలిందని. అవయవాన్ని చెప్పడానికి అవయవిని చెప్పడం లోకంలో ఉంది. కనుక రింగు పోయిందనడానికి మర్యాదగా 'అసెంబ్లీ' అన్నారు కాబోలని సరిపెట్టుకున్నాం. ఎస్టిమేటు చదివాక తెలిసింది. మాటలో లక్షణ, రేటులో అభిధ. వాడకట్టు కాలిందని ఊరంతా మళ్ళీ కట్టించి, ఇంటింటికీ జీఎస్టీ వేశారు.

హౌసింగు మొత్తం మార్చవలసిన రోజులు లేకపోలేదు. లోహం చిట్లితే మార్చాలి, బోల్టు మరలు పోతే మార్చాలి, బ్లాకును తాకే ముఖం వంకర తిరిగితే మార్చాలి. ప్యాకింగు పోతే మాత్రం ప్యాకింగే మార్చాలి. కూలెంటు దింపి, హౌసింగు విప్పి, పాత ప్యాకింగును స్క్రూడ్రైవరుతో గీకకుండా చెక్కముక్కతో గోకి, ముఖాలు శుభ్రం చేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. ఓపిక పని. సూచీకటాహ న్యాయమని ఉంది. కమ్మరిని సూదీ, గంగాళమూ చెయ్యమంటే సూది ముందు చేసి ఇచ్చి గంగాళం పట్టుకుంటాడు. మా సర్వీస్ సెంటర్లో సూది లేనే లేదు, ఎవడు వచ్చినా గంగాళమే.

అన్నిటికంటే బాధాకరమైన మాట చెప్పాలి. ఆ అసెంబ్లీ వేయించి ఉంటే లీకేజీ ఆగేది. ఎందుకాగదు? కొత్త హౌసింగుతో కొత్త మూత, కొత్త మూతతో కొత్త రింగు వస్తాయి. చుక్క ఆగుతుంది, మేము సంతోషిస్తాం, రోగనిర్ణయం సరైనదని రుజువైపోతుంది. మొత్తం మార్చేవాడికి తప్పు జరిగే అవకాశమే లేదు. తెలుసుకోవలసిన అవసరం కూడా లేదు. ర్యాంపు దగ్గర ఆ గాజు గోడ వెనక కుర్రవాడికి నిజంగా ఏ రబ్బరు పోయిందో పసిగట్టే నేర్పు ఉండవచ్చు. ఆ నేర్పును అతని దగ్గర ఎవరూ అడగడం లేదు, నేర్చుకోనివ్వడం లేదు.

పైగా విడిభాగం బయట దొరకనివ్వరు. ఇది మా ఒక్కరి గోడు కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది, స్పేర్ పార్టులనూ రిపేరు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడు డిసెంబరులో పోర్టల్ పెట్టింది. అందులో సెల్‌ఫోన్లు, వ్యవసాయ యంత్రాల పక్కన కార్లూ ఉన్నాయి. మా భాయ్‌కి ఈ సంగతులేవీ తెలియవు. ఆయన దగ్గర గోడకు కొట్టిన మేకు నిండా కొలతల వారీగా రింగులు మాత్రం ఉన్నాయి.

పాఠాంతరం

కస్టమర్ ఇన్‌ఫార్మ్‌డ్ అన్న చివరి వాక్యానికి వ్యాఖ్య అక్కర లేదు. ఇంత వ్రాయించింది అదే.

ఈ గ్రంథానికి ఒక ఉత్తరప్రతి ఉన్నట్టు ఈ మధ్య తేలింది. తర్వాతి సర్వీసుకు అక్కడికే వెళ్ళవలసి వచ్చి, ఫిల్టరుతో పాటు ఓ-రింగు మార్చాలనీ, పాతది మా చేతికివ్వాలనీ జాబ్‌కార్డులో వ్రాయమన్నాం. అడ్వైజరు చాలాసేపు స్క్రీను వెతికాడు. "ఓ-రింగుకి కోడ్ లేదు సార్, సిస్టమ్‌లో అసెంబ్లీయే ఉంది" అన్నాడు. రిమార్కుల గడిలో కొట్టమన్నాం. కొట్టాడు. ఆ ప్రతిలో పాఠం ఇలా ఉంది: "ఓ-రింగ్ రీప్లేస్‌మెంట్. కస్టమర్ ఇన్సిస్టెడ్." పూర్వప్రతిలో చూసినవాడు లేడు, సలహా ఇచ్చినవాడు లేడు, తెలియజేసినవాడు లేడు. ఇందులో మాత్రం కర్తృపదం స్పష్టము.